కుక్క పోయిన ఇంటికి పరామర్శ

మా బడిలో ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడొకడు రెండు రోజులు రాలేదు. తిరిగి వచ్చినప్పుడు తెచ్చిన సెలవు చీటీలో జ్వరమని రాసి ఉంది, కింద తండ్రి సంతకం ఉంది. మధ్యాహ్న భోజనాల వేళ పక్కపిల్లలు చెప్పారు, వాళ్ళ కుక్కను లారీ గుద్దేసిందని, అప్పటినుంచీ వాడు సరిగా అన్నం తినడం లేదని. పిలిచి అడిగితే తల వంచుకుని, "కుక్క చచ్చిపోయిందని రాస్తే అందరూ నవ్వుతారని నాన్న జ్వరమని రాశాడు మేడమ్" అన్నాడు.

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. కొడుకును నలుగురూ ఎగతాళి చేయకుండా కాపాడుకోవాలన్నదే అతని ఆలోచన. అయితే ఆ చీటీ నా మనసులోంచి చాలా కాలం పోలేదు, ఎందుకంటే పెద్దవాళ్ళు కూడా ఇదే పని చేయడం నేను చూశాను. కుక్క పోయినప్పుడు ఆఫీసులో తలనొప్పి అంటారు, శుభకార్యానికి రాలేమని చెప్పడానికి కడుపులో బాగాలేదంటారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని అడిగితే రాత్రి నిద్ర లేదంటారు. ఉన్న దుఃఖానికి తోడు దాన్ని దాచుకునే శ్రమ ఒకటి వాళ్ళ మీద పడుతోంది.

దీని గురించి నేను గట్టిగా నమ్మే విషయం ఒకటుంది. కుక్క పోయిన ఇంటికి కూడా మనం పరామర్శకు వెళ్ళాలి. మైల పాటించమని గాని, దినవారాలు చేయమని గాని నేను అనడం లేదు. మన పల్లెల్లో మనిషి పోయిన ఇంటికి వెళ్ళి, కాసేపు కూర్చుని, ఎలా జరిగిందని అడిగి, చెప్పింది చివరిదాకా వినే అలవాటు ఉందే, ఆ ఒక్కదాన్ని ఈ ఇళ్ళకూ చాచమని అడుగుతున్నాను. పోయిన శ్రావణంలో మా ఇంట్లో రాణి పోయిన తరువాత ఈ నమ్మకం నాకు మరింత బలపడింది.

రాణి

2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరుగుతుండగా, రేవులన్నీ ఇసుక వేస్తే రాలనంత జనంతో నిండి ఉన్న రోజుల్లో, మా కొబ్బరితోట గట్టు మీద రాణి దొరికింది. నాటు కుక్క, గోధుమ రంగు, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలి ఉండేది. పేరు మా అమ్మ పెట్టింది. దింపు తీసేవాళ్ళు చెట్టెక్కితే, కాయలు పడే చోటికి దూరంగా కూర్చుని, వాళ్ళు దిగేవరకూ తల పైకెత్తి చూస్తూనే ఉండేది. దిగాక ఒక్కసారి మొరిగి పక్క చెట్టు దగ్గరికి నడిచేది. వాళ్ళు కూడా దాన్ని "మేస్త్రీ" అని పిలిచేవారు. పుష్కరానికీ పుష్కరానికీ మధ్య నడిచే కాలం ఒక నాటు కుక్క ఆయుష్షుకు ఇంచుమించు సరిపోతుంది. రాణి వచ్చే పుష్కరాల వరకు ఉండలేకపోయింది.

మొదట నీళ్ళు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది, తరువాత బరువు తగ్గింది, నోటి నుంచి ఒక రకమైన వాసన వచ్చేది. పశువుల డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి కిడ్నీల జబ్బని తేల్చారు. ముసలి కుక్కల్లో ఇది తరచుగా వచ్చేదేననీ, కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగినట్టు కనిపించేసరికే కిడ్నీల పనిలో నాలుగింట మూడు వంతులు దెబ్బతిని ఉంటుందనీ ఆయన ఓపికగా వివరించారు. చర్మం కింద సెలైను ఎక్కించడం అక్క నేర్చుకుంది. కొన్నాళ్ళు అమ్మ చేత్తో పెడితే పెరుగన్నం తినేది. ఆ తరువాత అమ్మ చేతిని నాకి, అన్నం వదిలేసేది.

చివరికి డాక్టరు గారే ఇంటికి వచ్చారు. మొదట మత్తు ఇంజెక్షను ఇచ్చి, అది పూర్తిగా నిద్రలోకి జారాక రెండో ఇంజెక్షనుగా మత్తుమందునే ఎక్కువ మోతాదులో ఇచ్చారు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉండగానే గుండె ఆగిపోయింది.

అది ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన వారం. ఏరు నిండితే మా తోటల్లో ఊట ఎంత పైకి వస్తుందో ఈ ప్రాంతం వాళ్ళకు తెలుసు. తమ్ముడు, పాలేరు కలిసి పెద్ద చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టారు. మోకాలి లోతు రాకముందే అడుగున నీళ్ళు మెరిశాయి. బకెట్టుతో తోడితే తోడినంతా మళ్ళీ వచ్చింది. అమ్మ గడప దగ్గర నిలబడి, "దాన్ని నీళ్ళలో పెట్టకండిరా" అని ఒకే మాట పదేపదే అంది. చివరికి బోదె గట్టు మీద, మట్టి ఎత్తుగా ఉన్న చోట, మళ్ళీ మొదటినుంచి తవ్వారు. అడుగున పొడి ఇసుక పోసి, రాణిని అది పడుకునే పాత దుప్పటిలోనే చుట్టి దించి, రాళ్ళ ఉప్పు వేసి పూడ్చి, పైన కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచి బరువు పెట్టారు. అంతా అయ్యేసరికి చీకటి పడింది.

ఆ తరువాతి రోజుల్లో అమ్మ వంటకు బియ్యం కొలిచేటప్పుడు రాణి కోసం వేసే గుప్పెడు బియ్యం అలవాటుగా వేస్తూనే వచ్చింది. రోజూ రాత్రి అన్నం మిగిలేది. నేను ఆ సంగతి ఎత్తలేదు. మిగిలిన అన్నం మర్నాడు పొద్దున్న కోళ్ళకు వేసేవాళ్ళం.

ఎలా జరిగిందని అడగడం

మనవైపు పరామర్శ ఎలా నడుస్తుందో చెప్పనక్కరలేదు. అయితే అది ఏం పని చేస్తుందో ఒకసారి ఆలోచించి చూడండి. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని మొట్టమొదట అడిగేది ఎలా జరిగిందనే. పోయిన మనిషి భార్యో కొడుకో చెప్పడం మొదలుపెడతారు: ఆ రోజు పొద్దున్న కాఫీ తాగారు, పదింటికి కాస్త ఆయాసంగా ఉందన్నారు, ఆటో పిలిచేలోపల... ఇలా. ఇంకొకరు వస్తే మళ్ళీ మొదటినుంచి చెబుతారు. సాయంత్రం ఇంకొకరు, మర్నాడు పొరుగూరి చుట్టాలు. చెప్పగా చెప్పగా ఆ చెల్లాచెదురైన సంగతులకు ఒక వరస ఏర్పడుతుంది. మొదటిరోజు ఏడుపుతో ఆగిపోయిన చోట పదోరోజుకు ఆగకుండా ముందుకు చెప్పగలుగుతారు. ఎవరూ దీన్ని వైద్యమని అనుకోరు గాని, నా దృష్టిలో ఇంతకన్నా మంచి వైద్యం మన ఊళ్ళలో లేదు.

కుక్క పోయినవాళ్ళకు ఈ అవకాశం ఒక్కసారి కూడా దొరకదు. మా ఇంటి ముందు ఆగినవాళ్ళలో చాలామంది, "అయ్యో, పోయిందా, ఊరుకోండి, దానికి వయసైపోయింది" అన్నారు. ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అయితే ఆ వాక్యం వినగానే చెప్పబోయేవాళ్ళ నోరు మూతపడుతుంది. ఓదార్చేవారు ముగింపు ముందే చెప్పేశాక ఇక కథ మొదలుపెట్టడం ఎలా?

అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1980ల చివర్లో ఇలాంటి దుఃఖాల గురించి విడిగా రాశారు. సమాజం గుర్తించని, బయటికి చెప్పుకోవడానికి వీలివ్వని దుఃఖం మరింత ఎక్కువకాలం మనిషిని పట్టుకుని ఉండవచ్చునన్నది ఆయన ఆలోచన సారాంశం. పెంపుడు జంతువుల మరణం అందులో తరచు ప్రస్తావనకు వచ్చే ఉదాహరణ. దీనికి భిన్నంగా, దుఃఖం 'ఐదు దశల్లో' నడుస్తుందని అందరి నోటా నానే సంగతి మాత్రం ఇక్కడ నాకు అంతగా ఉపయోగపడలేదు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో వాటిని చెప్పింది తామే చనిపోబోతున్న రోగులతో మాట్లాడిన అనుభవం నుంచి. వాటిని పోగొట్టుకున్నవాళ్ళకు అన్వయించడం ఆ తరువాత ప్రచారంలోకి వచ్చింది. కోపం వచ్చిందా, ఒప్పుకోలు వచ్చిందా అని ఒక్కొక్క మెట్టూ లెక్క చూసుకోవడం కంటే, పక్కన కూర్చుని వినే మనిషి ఒకరుండడం నయం.

మనుషులు పోయిన ఊళ్ళలో

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది, దాన్ని తేలికగా తీసేయలేను. ఇది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు; వేటకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళ కోసం ఒడ్డున నిలబడి ఎదురుచూసిన కుటుంబాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నాయి. అంతకుముందు 1986 ఆగస్టు వరద లంకల్లో ఇళ్ళకు ఇళ్ళనే తుడిచిపెట్టింది. అలాంటి చోట కుక్క పోయిందని ఇంటి ముందు కుర్చీలు వేసుకు కూర్చోవడం ఆ మనుషుల దుఃఖాన్ని చిన్నబుచ్చడం కాదా? ఇదే ప్రశ్నను మరోలా వేసేవారూ ఉన్నారు. వీధికుక్కలు పిల్లలను కరుస్తున్నాయి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికే ఆశ దాదాపు ఉండదు, అలాంటప్పుడు కుక్క మీద ఇంత మమకారం ఏమిటని అడుగుతారు.

రెండో ప్రశ్నకు నా సమాధానం చిన్నది. రాణికి ఏటా రేబిస్ టీకా వేయించాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాం. కుక్కను ప్రేమించే ఇల్లు ఈ రెండు పనులూ చేస్తుంది, చేయాలి.

మొదటి ప్రశ్న గురించి చాలా ఆలోచించాను. అమ్మను సరిగా పరామర్శించింది, మా ఇళ్ళల్లో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషే. మూడో ఇంట్లో ఉండే ఆ పెద్దావిడ తమ్ముడు 96 తుఫానులో పోయాడు, శవం దొరకలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఆవిడ పమిట చెంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏం జరిగిందే, కడుపులో ఏమైనా గడ్డ లేచిందా?" అని అడిగింది. అమ్మ మొదటినుంచి చెప్పింది, గోతిలో నీళ్ళు ఊరిన సంగతి కూడా చెప్పింది. ఆవిడ మధ్యలో ఒక్కసారి మాత్రం, "పోన్లే, దాన్ని పెట్టిన చోటు నీకు తెలుసు" అంది. నాకు అప్పుడు ఏమనాలో తెలియలేదు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ తరువాత ఇద్దరూ చాలాసేపు ఆవిడ తమ్ముడి గురించే మాట్లాడుకున్నారు.

అందరూ ఆవిడలాగే ఉంటారని నేను చెప్పలేను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు మన కుక్క సంగతి ఎత్తకపోవడమే మర్యాద, ఎత్తితే ఆమెకు కోపం రావడం న్యాయమే. పరామర్శ అడిగి చేయించుకునేది కాదు గనుక, అలాంటివాళ్ళ నుంచి దాన్ని ఆశించకూడదు. అయితే ఒక దుఃఖానికి చోటిస్తే మరో దుఃఖానికి చోటు తగ్గుతుందన్న లెక్క నిజం కాదని ఆ మధ్యాహ్నం మా అరుగు మీద నేను చూశాను.

నిజానికి పశువు కోసం దుఃఖపడడం మన డెల్టాకు కొత్తేమీ కాదు. కాడెద్దు చనిపోతే రైతు పొలంలోనే పూడ్చి రెండు రోజులు ముద్ద ముట్టని ఇళ్ళు మా తాతల కాలంలో ఉన్నాయి. పాడిగేదె పోతే ఇప్పటికీ ఇరుగుపొరుగు వచ్చి పలకరిస్తారు. కనుమనాడు పశువులకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టే మనుషులం మనం. అప్పుడు ఎవరూ 'గేదేగా' అనరు. గేదె పోతే ఇల్లు గడవడం కష్టమవుతుంది గనుక ఆ ఏడుపుకు ఊరు అనుమతిస్తుందనీ, కుక్క పాలివ్వదు, దుక్కి దున్నదు గనుక దానికి ఆ అనుమతి దొరకడం లేదనీ నాకు అనిపిస్తుంది. సంపాదన తెచ్చినదాని కోసమే ఏడవాలన్న నియమాన్ని మనుషుల విషయంలో మనం పాటించం. మంచం పట్టిన నానమ్మ పోతే ఆవిడ ఏం సంపాదించిందని ఎవరూ అడగరు. పుష్కరాల్లో పిండాలు పెట్టేటప్పుడు కూడా రక్తసంబంధం ఉన్నవాళ్ళతో ఆపరు, గురువులకూ స్నేహితులకూ పెడతారు.

ఇక్కడ చాలామంది మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కను గుర్తుచేసి ఓదారుస్తారు. మా బంధువొకాయన కూడా ఫోనులో, "అది కుక్క కాదమ్మా, సాక్షాత్తూ ధర్మదేవత" అన్నారు. ఆయన ఆప్యాయతకు కృతజ్ఞురాలిని, కానీ ఆ ఓదార్పు నాకు పట్టలేదు. కుక్క రూపంలో దేవుడున్నాడు కాబట్టి దాన్ని ప్రేమించవచ్చు అన్నట్టు అది వినిపిస్తుంది. ఆ కథలో నాకు ముఖ్యమైనది అంతకుముందు ఘట్టం. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని వదిలి స్వర్గానికి రానని ధర్మరాజు చెప్పేటప్పటికి అది ఆయనకు వట్టి కుక్కే. మా రాణి కూడా కుక్కే. చేపల ముళ్ళ కోసం చెత్తకుండీ తిరగేసేది, ఉరుములకు భయపడి బీరువా వెనక దూరేది. అలా ఉన్న రాణినే మేం పోగొట్టుకున్నాం.

ఇంకో పిల్లను తెచ్చుకోండి

ఈ సలహా ఇవ్వనివారు లేరు. కొందరికి ఇది మేలు చేస్తుందని ఒప్పుకుంటాను. ఖాళీ ఇల్లు భరించలేనివాళ్ళుంటారు, వీధిలో ఆదరణ కోసం చూసే కుక్కపిల్లలూ ఉన్నాయి. నా అభ్యంతరం తొందర గురించి మాత్రమే. పోయిన దాని గురించి ఒక్క ప్రశ్నైనా అడగకుండా కొత్తదాని గురించి మాట్లాడితే, ఆ వచ్చే పిల్ల కూడా మొదటి రోజునుంచీ ఇంకొకదాని చోట నిలబడాల్సి వస్తుంది. ఎప్పుడు తెచ్చుకోవాలో ఆ ఇంటివాళ్ళే తేల్చుకుంటారు.

పిల్లలున్న ఇళ్ళలో మరో సంగతి. కుక్కను మావయ్య ఊరికి పంపించామని, ఎవరో తోటలోకి తీసుకెళ్ళారని చెప్పడం మన దగ్గర చాలా ఎక్కువ. పిల్లవాడు ఎదురుచూస్తాడు, కొన్నాళ్ళకు నిజం తెలుసుకుంటాడు, తెలుసుకున్నానని చెప్పడు. పోయిందనే చెప్పి, పూడ్చిన చోటు చూపించి, వాడికి తోచినన్ని ప్రశ్నలు అడగనివ్వాలి.

అక్క ప్రశ్న

రాణికి ఇంజెక్షను ఇప్పిద్దామని నోరు తెరిచి అన్నది అక్క. పోయిన తరువాత చాలా రోజులు, "ఇంకో వారం చూసి ఉండాల్సిందేమో" అంటూనే ఉంది. కుక్క పోయినవాళ్ళ దుఃఖంలో మనుషుల మరణాల్లో సాధారణంగా ఉండని భాగం ఇదే. మనిషి విషయంలో ఆ నిర్ణయం మన చేతికి రాదు. కుక్క విషయంలో వస్తుంది, దాని సమ్మతి అడిగే దారి లేదు.

నేను అక్కకు చెప్పింది, ఇక్కడా చెబుతున్నది ఒక్కటే. ఆ రోజు దాని ముందున్నది బతుకుకూ చావుకూ మధ్య ఎంపిక కాదు. ఏ చావు అన్నదే అక్కడ మిగిలిన ప్రశ్న. కిడ్నీలు పూర్తిగా చెడితే ఒంట్లో విషం పేరుకుని వాంతులు, నోట్లో పుళ్ళు, చివరికి మూర్ఛలు రావచ్చునని డాక్టరు గారు ముందే చెప్పారు. అక్క ఆ వారాన్ని రాణికి తప్పించింది. ఇలా నేను చెప్పినంత మాత్రాన అక్క మనసు కుదుటపడలేదు. డాక్టరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి పరీక్ష కాగితాలన్నీ ముందు పెట్టుకుని అడిగి తెలుసుకున్న తరువాత కొంత తేలిక పడింది. మన పశువైద్యుల్లో ఇలా అయిపోయిన కేసు గురించి కూర్చుని మాట్లాడే ఓపిక ఉన్నవారు ఇంకా పెరగాలి.

ఒంటరి ముసలివాళ్ళు

నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ కలిగించేది వీళ్ళ సంగతి. కోనసీమలో ఏ వీధి చూసినా పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెద్దింట్లో ఒకరో ఇద్దరో పెద్దవాళ్ళు మిగిలిన ఇళ్ళు కనిపిస్తాయి. అలాంటి చోట కుక్క చేసే పని మనం గమనించం. పొద్దున్నే లేవడానికి అదే కారణం, పొయ్యి వెలిగించడానికి అదే కారణం, కాలువ గట్టు మీద నడకకు అదే తోడు. అది పోతే ఆ రోజంతా పట్టు తప్పిపోతుంది. నిద్ర, తిండి వారాల తరబడి దారికి రాకపోతే, బతికి ఏం లాభమన్న మాట వాళ్ళ నోట వస్తే, దాన్ని ఇక కుక్క బెంగ అని వదిలేయకూడదు. డాక్టరుకు చూపించాలి. 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరు మీద ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా ఊళ్ళో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. భార్య పోయి చాలా కాలమైంది, కూతురు టెక్సాసులో ఉంటుంది. ఈ సంక్రాంతి వెళ్ళాక ఆయన కుక్క పాము కాటుకు చనిపోయిందని తెలిసి అమ్మా నేనూ వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూసి, ఏదో బడి పని మీద వచ్చామనుకుని నా వైపే చూస్తూ, "ఏమ్మా, టెన్త్ పిల్లల సంగతా?" అని అడిగారు. అమ్మ, "కాదు మాస్టారూ, మీ బంటి గురించి తెలిసి వచ్చాం. ఎలా జరిగింది?" అంది. ఆయన వెంటనే ఏమీ చెప్పలేదు. లోపలికి వెళ్ళి మాకు మంచినీళ్ళు తెచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, అప్పుడు మొదలుపెట్టారు. గడ్డివామి దగ్గర అది ఎలా మొరిగిందో, తను టార్చి పట్టుకుని వెళ్ళేసరికి పాము ఎటు పోయిందో, ఆ వేళప్పుడు ఆటో ఎక్కడా దొరక్క దాన్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా ఎలా నడిచారో, పొద్దుపోయేదాకా చెప్పారు. మధ్యలో కూతురు ఫోను చేస్తే, "తరువాత చేస్తానమ్మా, మనవాళ్ళు వచ్చారు" అని పెట్టేశారు.

తరువాత వెళ్ళినప్పుడు అదంతా మళ్ళీ మొదటినుంచి చెప్పారు. రోడ్డు దాకా నడిచిన ఘట్టం ఈసారి ఇంకాస్త వివరంగా వచ్చింది. అమ్మ మొదటిసారి వింటున్నట్టే విన్నది. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. మూడో ఇంటి పెద్దావిడ తనూ వస్తానంది.